రోకలి తలకు చుట్టేవారితో నాలుగు మాటలు

“పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట” అని మనకొక సామెత. “పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లి అయితేగాని పిచ్చి కుదరదు” అని మరొకటి. ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి బతికినవాడిని. సామెతల మీద నాకు కోపం లేదు. జాతి అనుభవసారం అవి. అయితే జాతి అనుభవాలన్నీ గర్వపడదగినవి కావు. ఈ రెంటిలోనూ నవ్వేవాడున్నాడు, నవ్వించేవాడున్నాడు. బాధపడేవాడు ఎక్కడా కనబడడు. నేటికీ ఎవరి మాట నచ్చకపోయినా “వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి” అని తేలికగా అనేస్తాం. అక్కడికి నిజంగా వెళ్లి వచ్చినవాడు ఆ మాట వింటున్నాడేమోనని వెనుదిరిగి చూడం.

ఇటీవల ఒక సాహిత్య సమావేశంలో ఒక వక్త, మనోవ్యాధుల మీద ప్రయోగశాలల్లో జరిగే అణుజీవశాస్త్ర పరిశోధన యావత్తూ దండుగ అని సెలవిచ్చారు. “ఎలుకల మెదళ్లు కోసి మనిషి మనసును తెలుసుకుంటారట!” అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. వక్త పేరు అప్రస్తుతం. వాదమే ప్రస్తుతం, ఎందుకంటే అది ఆయన ఒక్కరిదే కాదు. చదువుకున్న తెలుగువారిలో సగంమంది లోలోపల అనుకునేది అదే. కాబట్టి మన శాస్త్రకారుల పద్ధతిలో పూర్వపక్షాన్ని ముందుంచి, ఆ తరువాత సమాధానం మనవి చేస్తాను. ఉదాహరణకు బైపోలార్ వ్యాధినే తీసుకుంటాను.

ఇంతకూ ఏమిటా వ్యాధి? 1850లలో ఫ్రాన్సులో ఫాల్రే అనే వైద్యుడు దీన్ని గుండ్రంగా తిరిగే ఉన్మాదమన్నాడు. 1899లో జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ ఉన్మాద విషాదాలను ఒకే వ్యాధికి రెండు ముఖాలుగా నిర్ణయించాడు. 1980 నుంచి అమెరికన్ వైద్యుల వర్గీకరణలో బైపోలార్ అన్న పేరు స్థిరపడింది. ఒక దశలో రోగికి నిద్ర అక్కరలేదు, అలసట లేదు, ఆలోచనలు తరుముకొస్తాయి, ఉన్న పొలం అమ్మి ఊరికి గుడి కట్టిస్తానంటాడు. మరొక దశలో మంచం దిగడు. అన్నం ముద్ద కూడా కొండంత బరువు. నడుమ నెలల తరబడి మనందరిలాగే ఉంటాడు. మన దేశంలో 2017 నాటికి ఈ వ్యాధిగ్రస్తులు సుమారు 76 లక్షలని 2020లో ప్రచురితమైన అంచనా. అంటే ఈ మాటలు చదివేవారి బంధువర్గంలో ఒకరైనా ఉండే ఉంటారు. బయటికి చెప్పి ఉండరు, అంతే.

పూర్వపక్షం ఒకటి: ఇది మనసుకు వచ్చిన జబ్బు. మనసును అణువుల్లో వెదకడం అహంకారం.

అయ్యా, మనసుకూ అణువుకూ సంబంధం లేకపోతే, ఒక ఉప్పు మనసును ఎలా నిలబెడుతోందో సెలవివ్వండి. లిథియం మూలకాల పట్టికలో మూడవది. హైడ్రోజన్, హీలియంల వెంటనే వచ్చే అతి సరళమైన లోహం. 1940ల చివర మెల్బోర్న్ సమీపంలోని ఒక మానసిక వైద్యశాలలో జాన్ కేడ్ అనే వైద్యుడు, ఉన్మాదానికి రోగి మూత్రంలో ఏదో విషం కారణమై ఉంటుందన్న అనుమానంతో గినీపందులకు రకరకాల ద్రావణాలు ఎక్కించి చూశాడు. లిథియం లవణం ఎక్కించినవి మందకొడిగా పడి ఉన్నాయి. ఆయన మూత్రవిషం సిద్ధాంతం నిలవలేదు. మందు నిలిచింది. తాను మింగి చూసుకున్నాకనే రోగులకిచ్చాడని చెబుతారు. పదిమంది ఉన్మాద రోగుల మీద ఫలితాన్ని 1949లో ప్రచురించాడు. వారిలో మొదటివాడు తరువాత లిథియం విషమించే చనిపోయాడు. ఆ సంగతీ దాచిపెట్టవలసింది కాదు. ఆపైన డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ ఏళ్ల తరబడి పరీక్షలు జరిపి, ఈ మందు వచ్చిన దశను తగ్గించడమేగాక రాబోయే దశను కూడా ఆపుతుందని చూపాడు. అమెరికా ప్రభుత్వం అనుమతించేసరికి 1970 అయింది.

రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య లిథియం ఉంటే చాలామందికి మేలు. 1.5 దాటితే చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, ప్రాణానికే ముప్పు. పాపం, పుణ్యం, పెంపకం, గ్రహచారం, ఇవేవీ ఇంత సన్నని గీత మీద నడవవు. అణువులు నడుస్తాయి.

అలాగని పరిసరాల పాత్ర లేదనడం లేదు. ఒకేపిండ కవలల్లో ఒకరికి ఈ వ్యాధి ఉంటే రెండవవారికీ ఉండే అవకాశం నూటికి 40 నుంచి 70 అని అధ్యయనాలు తేల్చాయి. వంశగతం ఎంత బలమైనదో ఆ అంకె చెబుతుంది. నూటికి నూరు కాకపోవడంలో బతుకు పాత్ర ఎంతో కూడా అదే అంకె చెబుతుంది. నిద్ర చెడడం, ఆప్తుల మరణం, కాన్పు, ఇవన్నీ దశను రేపగలవు. రేగేది ఎక్కడ? కణంలోనే కదా!

పూర్వపక్షం రెండు: పిచ్చిలో ప్రతిభ ఉంది. ఆ రెక్కలు కత్తిరించే హక్కు మీ మందులకు లేదు.

ఇది మా సాహిత్యకుటుంబం సొంత జబ్బు కాబట్టి కొంచెం ఘాటుగానే చెబుతాను. ఒడ్డున కూర్చుని వరదను వర్ణించడం కవికి సుఖమే. కొట్టుకుపోయేవాడికి ఆ అలంకారాలతో పని లేదు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో మనోవైద్య శాస్త్రాచార్యులైన కే రెడ్‌ఫీల్డ్ జామిసన్ ఈ వ్యాధికీ కళాసృష్టికీ గల సంబంధం మీద 1993లో ఒక పెద్ద పుస్తకమే రాశారు. కనుక ఆమెకు ప్రతిభ విలువ తెలియదనడానికి వీలులేదు. ఆమెకూ అదే వ్యాధి. లిథియం పట్ల తనకెంత విముఖత ఉండేదో, దాన్ని మానేసి ఎంత మూల్యం చెల్లించారో, చివరికి అదే తనను ఎలా నిలబెట్టిందో 1995లో వెలువడిన ఆత్మకథ ‘యాన్ అన్‌క్వయెట్ మైండ్’లో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. పిచ్చిని పొగిడేవారు ఆ మొదటి పుస్తకం పేరు చెప్పి రెండవది మరుగుపరుస్తారు.

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు ఛందస్సులో నాకంటె చురుకు. ఉద్రేక దశలో రాత్రికి రెండువందల పద్యాలు రాసేవాడు. చూశాను, గణాలు కుదిరాయిగాని అన్వయం లేదు. కుదురుగా ఉన్న రోజుల్లో నెలకు నాలుగు రాసేవాడు. అవి ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. ప్రతిభ అతనిది, వ్యాధిది కాదు. ఇప్పుడు ఉదయమూ రాత్రీ మాత్ర వేసుకుని, గడువు తప్పకుండా రక్తపరీక్ష చేయించుకుని, ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ మాత్రలకయ్యే ఖర్చు మనం కాఫీలకు పెట్టేపాటి. మూత్రపిండాలకూ థైరాయిడ్‌కూ దీర్ఘకాలంలో దానివల్ల జరిగే హాని మాత్రం చవక కాదు. అంతకంటె మంచి మందు కావాలని అడిగే హక్కు అతనికుంది. ఆ మందు ఎక్కడి నుంచి రావాలి? మన కవిసమ్మేళనాల నుంచా?

పూర్వపక్షం మూడు: పత్రికల్లో నెలకో జన్యువు దొరుకుతుంది, మర్నాటికి మాయమవుతుంది. ఇదేం శాస్త్రం?

ఇందులో సగం నిజముంది. 1987లో ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. పెన్సిల్వేనియాలోని ఆమిష్ కుటుంబాలను పరిశీలించి, ఈ వ్యాధికి మూలం 11వ క్రోమోజోము మీద ఉందన్నారు. లోకమంతా మార్మోగింది. 1989లో అదే ‘నేచర్’లో పునఃపరిశీలన వచ్చింది. కుటుంబవృక్షాన్ని విస్తరించి, అంతవరకూ ఆరోగ్యంగా ఉండి తరువాత జబ్బుపడ్డవారిని లెక్కలోకి తీసుకునేసరికి ఆ సంబంధం వీగిపోయింది. పరిహసించేవారు ఈ కథను ఇక్కడ ఆపేస్తారు. నేను ఇక్కడే మొదలుపెడతాను. తప్పిన లెక్కను, చెప్పిన పత్రికలోనే, రెండేళ్లలో కొట్టివేసిన విద్య మరొకటి చూపండి. తప్పిన జాతకానికి సవరణ ప్రకటించిన జ్యోతిష్కుణ్ణి నేనింకా చూడలేదు.

ఆ తరువాత ఒక్కొక్క జన్యువును ఊహించి పట్టుకుని, వంద రెండువందలమంది రోగుల మీద పరీక్షించి, కనబడ్డదల్లా ప్రచురించిన కాలమొకటి నడిచింది. వాటిలో అధికభాగం నిలవలేదు. అప్పుడు శాస్త్రజ్ఞులు గ్రహించారు: ఈ వ్యాధికి ఒక్క ‘పిచ్చి జన్యువు’ లేదు, స్వల్పప్రభావం గల వందలాది స్థానాలు కలిసి పని చేస్తాయి, వాటిని పట్టాలంటే వేలు, లక్షల మంది కావాలి. 2008లో సుమారు పదివేలమందితో చూస్తే యాంక్3, సీఏసీఎన్ఏ1సీ అనే రెండు జన్యువులు తేలాయి. రెండవది నాడీకణంలోకి కాల్షియం ప్రవేశించే ద్వారానికి సంబంధించినది. 2021లో 41,917 మంది రోగులతో 64 స్థానాలు తేలాయి. 2025లో ‘నేచర్’లో వచ్చిన అధ్యయనంలో రోగులు 1,58,036 మంది, స్థానాలు 298. అంకె పెరుగుతున్న తీరు చూడండి. గాలి కబుర్లయితే మనుషుల్ని పెంచినకొద్దీ కరిగిపోవాలి, ఇవి పెరుగుతున్నాయి. మాయమయ్యేది జన్యువు కాదు, దాని మీద పెట్టిన శీర్షిక. శీర్షిక పెట్టినవాణ్ణి నిలదీయండి.

పూర్వపక్షం నాలుగు: అంతా సరే, కొత్త మందేదీ?

ఇది ఒక్కటే నేను గౌరవించే ప్రశ్న. ఎందుకంటే దీన్ని రోగి తల్లి కూడా అడుగుతుంది. నిజమే. లిథియం యాదృచ్ఛికంగా దొరికింది. వాల్‌ప్రోయేట్, లామోట్రిజిన్ వంటివి మూర్ఛవ్యాధి నుంచి అరువు తెచ్చుకున్నవి. మిగిలినవాటిలో చాలావరకు స్కిజోఫ్రీనియాకు చేసినవి. ఈ వ్యాధి మూలాన్ని ఎరిగి, దానికోసమే తయారుచేసిన మందు నేటికీ లేదు.

ఎందుకు లేదు? కాలేయానికి జబ్బు చేస్తే సూదితో చిన్న ముక్క తీసి చూస్తారు. బతికున్న మనిషి మెదడులో ముక్క కోయడం కుదరదు. దశాబ్దాలపాటు శాస్త్రజ్ఞుడు తలుపు మూసిన ఇంటిముందు నిలబడి, లోపలి మాటలు గోడకు చెవి ఆనించి విన్నాడు. తాళంచెవి జపాన్ నుంచి వచ్చింది. షిన్యా యమనాకా 2006లో ఎలుక చర్మకణాన్ని, 2007లో మనిషి చర్మకణాన్ని నాలుగు జన్యువుల సాయంతో వెనక్కి నడిపించి మూలకణంగా మార్చాడు. ఆ పనికి 2012లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆ మూలకణాన్ని మళ్లీ ముందుకు నడిపిస్తే నాడీకణమవుతుంది. అంటే రోగి చేతి మీద గోరంత చర్మం తీసుకుని, అతని జన్యువులే గల నాడీకణాలను గాజుపళ్లెంలో పెంచవచ్చు. ఎలుకల మెదళ్లంటూ వేళాకోళం చేసిన వక్తగారికి ఈ కబురు అందినట్లు లేదు.

2015లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థ బృందం ఆరుగురు బైపోలార్ రోగుల కణాలతో ఇదే చేసింది. వారి నాడీకణాలు ఆరోగ్యవంతుల కణాలకంటె అతిగా ఉద్రేకించాయి. పళ్లెంలో లిథియం వేశారు. నిజజీవితంలో లిథియంకు లొంగిన రోగుల కణాలు అక్కడ శాంతించాయి, లొంగనివారివి శాంతించలేదు. ఆలోచించండి! లిథియం ఎవరికి పని చేస్తుందో ముందుగా చెప్పడానికి వైద్యుడి వద్ద నేటికీ గట్టి ఆధారం లేదు. మూడోవంతు మందికే పూర్తిగా పని చేస్తుంది. తక్కినవారు పనిచేయని మందుతో నెలలు పోగొట్టుకుంటారు. ఆ నెలల్లోనే కొందరు ప్రాణాలు కూడా తీసుకుంటారు. ఆరుగురి మీద చేసిన చిన్న పరిశోధనే కావచ్చు. కాని వెదకవలసిన దిక్కు చూపింది.

ఇంకొకటి. లిథియం కణంలో ఏం చేస్తుందో వెదుకుతున్నవారు 1996లో, అది జీఎస్‌కే-3 అనే ఎంజైమును అణచివేస్తుందని కనుగొన్నారు. వీరు మందు వైపు నుంచి వచ్చినవారు. ఇరవైయారేళ్లకు, 2022లో, రోగుల జన్యువులు చదువుతున్న మరొక బృందం ఏకేఏపీ11 అనే జన్యువులోని అరుదైన లోపాలు ఈ వ్యాధి ముప్పును బాగా పెంచుతున్నాయని చూపింది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీను కణంలో ఎవరిని పట్టుకుని ఉంటుందనుకున్నారు? అదే జీఎస్‌కే-3ని! కొండకు రెండు వైపుల నుంచీ సొరంగం తవ్వుతున్నవారికి గునపాల చప్పుడు వినబడినట్లయింది. ఇంకా కలవలేదు. నడిమి రాయి ఎంత మందమో తవ్వితేగాని తెలియదు. ఈ దశలో “దండుగ, పనిముట్లు కింద పడేయండి” అనడం ఏ రకం వివేకం?

ఇక నా అసలు ఫిర్యాదు. ఆ గునపం పట్టినవారెవరు? పేరున్న ఆచార్యులు ప్రసంగాల్లో ఉంటారు. పళ్లెం ముందు కూర్చునేది పోస్ట్ డాక్టొరల్ పరిశోధకులు. డాక్టరేటు ముగించి, స్థిరమైన ఉద్యోగం రాని ముప్పైల వయసువారు. మా బంధువులమ్మాయి ఒకతె విదేశంలో ఇటువంటి పనిలోనే ఉంది. సంక్రాంతికి ఫోను చేస్తే “పెదనాన్నగారూ, కణాలకు మేత మార్చే వేళయింది, తరువాత మాట్లాడతాను” అంది. వాటికి పండుగ లేదు, ఆదివారం లేదు. ఒక్కపూట మరిచినా, ఒక్క బొట్టు కలుషితమైనా, మూడునెలల శ్రమ చెత్తబుట్ట పాలు. చర్మకణాన్ని మూలకణంగా మార్చి, సరిగా మారిందో లేదో పరీక్షించడానికే నెలలు. దాన్ని నాడీకణంగా పెంచడానికి మరికొన్ని నెలలు. ఒక రోగి కణాలతో వచ్చింది మరో పదిమంది కణాలతో వస్తుందో లేదో చూడడానికి సంవత్సరాలు. ఆమె ఒప్పందం మాత్రం ఏడాదికొకసారి పొడిగించేది. ప్రశ్నకు ఆయుర్దాయం పదేళ్లు, ప్రశ్న అడిగే మనిషికి పన్నెండు నెలలు. సమాధానం రాలేదని పరిహసించే ముందు ఈ లెక్క చూడాలి.

మన దేశంలో 2023 జూన్‌లో పెంచిన తరువాత రిసెర్చ్ అసోసియేట్‌కు నెలకు మొదటి శ్రేణిలో 58,000, మూడవ శ్రేణిలో 67,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం అదనం. అంకె కాగితం మీద బాగానే ఉంది. పరిశోధక వృత్తులు నెలల తరబడి అందలేదని వారు రోడ్డెక్కిన వార్తలూ మనం చదివినవే. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థల 2024 నాటి ప్రారంభవేతనం ఏడాదికి 61,008 డాలర్లు. దాన్ని 70,000 చేయాలని వారి సలహాసంఘమే 2023 డిసెంబరులో చెప్పింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్లు, వ్యాసం అచ్చయ్యేదాకా వీరు కావాలి. అచ్చయ్యాక వేరే ప్రయోగశాల వెదుక్కోవాలి. ఇందులో ఇంకొక అపాయముంది. మరుసటి ఏటి జీతం ఈ ఏటి ఫలితం మీద ఆధారపడినప్పుడు, ‘ఏమీ కనబడలేదు’ అన్న నిజాయితీగల ఫలితం పెట్టెలోనే ఉండిపోతుంది. నిలవని జన్యువులు అన్నేళ్లు అచ్చులో ఊరేగడానికి ఈ భయం కూడా ఒక కారణం.

చివరిగా తెలుగువారి వాటా మాట. 2025 నాటి ఆ మహాధ్యయనంలో రోగులు ఐరోపా, తూర్పు ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్, లాటినో మూలాలవారు. దక్షిణాసియా అనే వర్గం లేదు. ప్రపంచ జనాభాలో నాలుగోవంతు మనం, లెక్కలో లేము. ఆ జ్ఞానంతో రేపు తయారయ్యే పరీక్షలు మనకు సరిగా సరిపోతాయన్న హామీ లేదు. బెంగళూరులో నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ సంస్థలు కలిసి, ఒకే కుటుంబంలో పలువురికి తీవ్ర మనోవ్యాధులున్నవారిని ఏళ్ల తరబడి పరిశీలిస్తూ, వారి కణాలను భద్రపరుస్తున్నాయి. మన సీమ నుంచి నిమ్హాన్స్‌కు రైలెక్కే కుటుంబాలకు కొదవ లేదు. అయితే వారిని ఏ భాషలో అడుగుతున్నాం?

ఒకసారి ఒక సంస్థవారు పరిశోధనకు రోగి ఇచ్చే సమ్మతిపత్రం తెలుగు అనువాదాన్ని చూసిపెట్టమని నాకు పంపారు. “ప్రేరిత బహుశక్త మూలకణ రేఖల స్థాపనార్థం మీ త్వక్ నమూనా యొక్క అపరిమిత వినియోగమునకు సమ్మతించుచున్నాను.” భాషాప్రవీణుణ్ణి, నాకే రెండుసార్లు చదవవలసివచ్చింది. ‘మీ’ అని మొదలై ‘సమ్మతించుచున్నాను’ అని ముగిసిన ఆ వాక్యంలో సమ్మతించేదెవరో వ్యాకరణానికే తెలియదు. కొడుకు జబ్బుతో కుంగిన తల్లి దాని కింద వేలిముద్ర వేయాలి! నేను ఇలా తిరగరాసి పంపాను: “మా అబ్బాయి చేతి మీద గోరంత చర్మం తీసుకుంటారు. దాని నుంచి కణాలు పెంచి, చాలా ఏళ్లు దాచి, జబ్బు కారణం వెదకడానికి వాడతారు. దీనివల్ల మా అబ్బాయికి ఇప్పుడు నయం కాదు. వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకున్నా వైద్యం ఆగదు.” భాష మరీ గ్రామ్యంగా ఉందని తిరిగి జవాబు వచ్చింది. అర్థమయ్యేదంతా గ్రామ్యమేనా? తెలుగు పండితులారా, అవధానాలకు బిగించిన నడుము ఇటువంటి కాగితాల కోసం ఒక్కసారి బిగిస్తే మన విద్యకు సార్థకత కదా!

కనుక నా సిద్ధాంతం ఇది. పోస్ట్ డాక్టొరల్ పరిశోధకుడికి ప్రశ్నకు సరిపడా కాలం ఇవ్వండి; ఒక్కొక్క పనికి ఐదారేళ్లు, ఆపైన ప్రయోగశాలలోనే స్థిరమైన కొలువు. ఏమీ తేలని ఫలితానికి కూడా అచ్చులో చోటివ్వండి. మనవారి కుటుంబాలను మనకర్థమయ్యే తెలుగులో అడగండి. అడిగినప్పుడు, కుదిరినవారు గోరంత చర్మం ఇవ్వండి. ఇవేవీ చేయలేనివారు కనీసం నవ్వకండి.

పోయినవారం నా పాత శిష్యుడు రక్తపరీక్ష చీటీ పంపాడు. 0.8. కింద ఒక కందపద్యం. నాలుగు పాదాలూ కుదిరాయి, అన్వయం కూడా. కొత్త మందు వచ్చేదాకా అతణ్ణి కాస్తున్నది ఆ అంకె. అంతకంటె మేలైనదాని కోసం ఈ రాత్రి ఎక్కడో ఎవరో కణాలకు మేత మారుస్తున్నారు. వారిని ఎగతాళి చేసే సభలో చప్పట్లు కొట్టడం నాకు చేతకాదు. విజ్ఞులకు విభేదం ఉంటే వాదానికి సిద్ధంగా ఉన్నాను. స్వస్తి.